కోకాపేట వైపు కాపురం: ఉండిపోవడమా, తరలిపోవడమా?

హైదరాబాద్ పడమరన గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాటి నార్సింగి, కోకాపేట, మంచిరేవుల, తెల్లాపూర్, నల్లగండ్ల వైపు గత పదిహేనేళ్లలో స్థిరపడిన కుటుంబాల్లో ఒక చర్చ తరచుగా సాగుతోంది. ఇంత ఖర్చు భరిస్తూ ఇక్కడే ఉండాలా, లేక ఉప్పల్, ఎల్‌బీ నగర్, కొంపల్లి వంటి చోట్లకో, ఏకంగా సొంత ఊరికో మారిపోవాలా అన్నది ఆ చర్చ. అద్దెకు ఉంటున్నవారి ఇళ్లలో అది అగ్రిమెంటు ముగిసే నెలలో మొదలవుతుంది. సొంత ఫ్లాటు ఉన్నవారి ఇళ్లలో ఈఎంఐ, మెయింటెనెన్స్, పిల్లల బడి ఫీజు ఒకే వారంలో ఖాతాలోంచి వెళ్లిపోయినప్పుడు మొదలవుతుంది. ఎక్కడ మొదలైనా అది తొందరగానే ‘ఇక్కడ రేట్లు ఇంకా పెరుగుతాయా?’ అన్న ఒక్క మాట దగ్గరికి చేరి, అక్కడే ఆగిపోతుంది. ఆ మాటలో రెండు వేరువేరు నిర్ణయాలు కలిసిపోయి ఉన్నాయి. ఎక్కడ కాపురం ఉండాలన్నది ఒకటి, ఏ ఆస్తిని పేరు మీద ఉంచుకోవాలన్నది మరొకటి. అమ్మకుండానే వెళ్లిపోవచ్చు, కొనకుండానే ఉండిపోవచ్చు. ఈ రెంటినీ విడదీయనంత కాలం ఎన్ని లెక్కలు వేసినా తేలేది తక్కువ.

ఈ ప్రాంతం ఖరీదైనదిగా మారిన క్రమం అందరికీ తెలిసినదే. 1998 నవంబరులో హైటెక్ సిటీలో ఐటీ కార్యాలయాల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైంది. పదేళ్ల తరువాత, 2008లో, ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు ఉన్న భాగం వాడుకలోకి వచ్చి, విమానాశ్రయానికీ ఐటీ కార్యాలయాలకూ మధ్యనున్న పొలాలకూ రాళ్ల గుట్టలకూ కొత్త విలువ తెచ్చింది. 2021 జూలైలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) కోకాపేటలో వేసిన వేలంలో ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్ల రూపాయలు పలికింది. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో ఒక ప్లాటుకు ఎకరానికి 100.75 కోట్లు వచ్చాయి. ఆ రెండు వార్తలూ వచ్చిన మర్నాటి నుంచి చుట్టుపక్కల ప్రతి ఫ్లాటు యజమానీ తన ఇంటి విలువను మనసులోనే సవరించుకున్నాడు. అసలు పొరపాటు మొదలయ్యేది అక్కడే.

వేలంలో పలికింది ఖాళీ స్థలం ధర. దాన్ని కొన్నవారు అక్కడ ఎన్ని అంతస్తులు లేపవచ్చో చూసుకుని ఆ ధర చెల్లించారు. ముంబై వంటి నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే నిర్మించాలన్న పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం అలాంటి పరిమితి లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం వంటివే భవనం ఎత్తును నిర్ణయిస్తాయి. ఫలితంగా స్థలం ఖరీదు పెరిగేకొద్దీ టవరు ఎత్తు పెరుగుతుంది, ఒక్కో ఫ్లాటుకు దక్కే భూమి వాటా తగ్గిపోతుంది. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. ఆ ఎకరంలో 200 ఫ్లాట్లు వస్తే ఒక్కో దానికి వచ్చే అవిభాజ్య వాటా, అందరూ యూడీఎస్ అని పిలిచేది, 24 గజాలు. ఎకరం 100.75 కోట్లంటే గజం సుమారు 2.08 లక్షలు కాబట్టి, 2023 నాటి ఆ ధర ప్రకారం చూసినా ఆ వాటా విలువ దాదాపు 50 లక్షలే. అదే ఫ్లాటు రెండు కోట్లకు అమ్ముడైతే మిగిలిన కోటిన్నర కట్టడానిదీ, సౌకర్యాలదీ, బిల్డరు లాభానిదీ. భూమి పాతబడదు; లిఫ్టులు, పైపులు, క్లబ్ హౌస్, వాటర్‌ప్రూఫింగ్ పాతబడతాయి.

దీనికి మరో కోణం ఉంది. కొండాపూర్, మియాపూర్, కూకట్‌పల్లి వైపు ఇరవై ఏళ్ల క్రితం కట్టిన ఐదంతస్తుల అపార్టుమెంట్లలో ఫ్లాటుకు 50, 60 గజాల వాటా ఉండటం సాధారణం. అవి పాతబడినా, నివాసితులంతా కలిసి ఒప్పుకుంటే పడగొట్టి ఎక్కువ అంతస్తులతో తిరిగి కట్టించుకునే అవకాశం ఉంటుంది. బిల్డరుకు అందులో లాభం కనబడుతుంది. నలభై అంతస్తుల టవరును పడగొట్టి మళ్లీ కడితే ఎవరికి ఏమి మిగులుతుంది? పైగా పరిమితి లేని నిర్మాణం అంటే పక్క స్థలంలో ఎప్పుడైనా మరో వెయ్యి కొత్త ఫ్లాట్లు లేవగలవు. పదేళ్ల పాత ఫ్లాటును అమ్మజూపేవారికి పోటీ పక్కింటి పాత ఫ్లాటుతో ఉండదు, కొత్త బ్రోచరుతో ఉంటుంది. ఈ ప్రాంతంలో ధరలు పెరగవని చెప్పడానికి ఈ మాటలు అనడం లేదు. గడచిన దశాబ్దంలో అవి బాగా పెరిగాయి, ఇకముందూ పెరగవచ్చు. అయితే స్థలం పెరిగినట్టే ఫ్లాటూ పెరుగుతుందన్న నమ్మకంతో ఉండిపోవడం గానీ, అప్పు చేసి కొనడం గానీ గట్టి ఆధారం లేని పని.

ఇక నెలవారీ లెక్క. 1.6 కోట్ల ఫ్లాటును 60 లక్షలు చేతి డబ్బు, కోటి రూపాయల రుణంతో కొన్నారనుకుందాం. 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువుపై ఈఎంఐ 86,782 రూపాయలు. మొదటి నెల కిస్తీలో 70,833 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 15,949. ఐదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక చెల్లించిన మొత్తం 52 లక్షలు దాటుతుంది, ఇంకా బాకీ మాత్రం సుమారు 88 లక్షలు. అంటే 40 లక్షల పైచిలుకు వడ్డీగా వెళ్లిపోయింది. కొన్నప్పుడు రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం లెక్కన 12 లక్షలు అయి ఉంటాయి. నిర్మాణంలో ఉండగా కొన్నవారైతే 5 శాతం జీఎస్టీ అదనంగా కట్టి ఉంటారు. చేతి డబ్బు 60 లక్షలను 7 శాతం వచ్చే చోట ఉంచి ఉంటే ఐదేళ్లలో మరో 21 లక్షలైనా వచ్చేవి. వడ్డీ, రిజిస్ట్రేషన్, కోల్పోయిన ఈ రాబడి మూడూ కలిపితే, జీఎస్టీని వదిలేసినా, 73 లక్షలు.

అదే ఫ్లాటులో నెలకు 45 వేల అద్దెకు ఉండి, ఏటా 5 శాతం పెంపు ఇచ్చి ఉంటే ఐదేళ్లలో కట్టే అద్దె దాదాపు 30 లక్షలు. సొంతదారుకు ఆ అద్దె మిగులుతుంది. ఫ్లాటు ధర ఏటా 5 శాతం పెరిగితే 1.6 కోట్లు ఐదేళ్లకు 2.04 కోట్లవుతుంది, అంటే 44 లక్షల పెరుగుదల. 30, 44 కలిపితే 74. లాభనష్టాలు దాదాపు సరిపోయాయి. ధర ఏటా 8 శాతం పెరిగితే పెరుగుదల 75 లక్షలు కాబట్టి సొంతదారు చాలా ముందుంటాడు. 3 శాతమే పెరిగితే అది పాతిక లక్షలకు కాస్త పైన ఆగి, అద్దెకు ఉన్నవాడే బాగుపడతాడు. స్థూలంగా, వృద్ధి రేటులో ఒక్కో శాతం తేడా ఈ ఉదాహరణలో పది లక్షల తేడా. కలప పనికీ, మాడ్యులర్ కిచెన్‌కూ పెట్టిన పది పదిహేను లక్షలను ఇందులో కలపనే లేదు. అమ్మేటప్పుడు కొనేవారు వాటిని మెచ్చుకుంటారు గానీ పెట్టినంత ధర కట్టరు. ‘అద్దె కడితే డబ్బు గాల్లో కలిసినట్టే’ అని తేలిగ్గా అనేవారు, వడ్డీ కూడా అలాగే గాల్లో కలుస్తుందన్న సంగతిని మరచిపోతారు. ఈ ప్రాంతంలో అద్దె ఇంటి విలువలో ఏడాదికి మూడు, మూడున్నర శాతం దగ్గర ఉండగా, రుణ వడ్డీ ఎనిమిది శాతం పైన నడిచినంత కాలం అద్దెకు ఉండటాన్ని చిన్నచూపు చూడవలసిన అవసరం లేదు.

పై లెక్క ఇంకా కొనని వారిది. ఇప్పటికే కొన్నవారిది వేరే లెక్క. రిజిస్ట్రేషన్‌కు కట్టిన 12 లక్షలూ, ఐదేళ్ల వడ్డీ 40 లక్షలూ ఉండిపోయినా తిరిగి రావు, వెళ్లిపోయినా తిరిగి రావు. ‘ఇంత పెట్టాక ఎలా వదులుకుంటాం’ అనడం గతజల సేతుబంధనమే. వారు చూసుకోవలసింది ఈ రోజు నుంచి ముందుకు. ఇప్పుడు అమ్మితే చేతికి ఎంత వస్తుంది, మరోచోట చేరడానికి ఎంత పోతుంది? ఆ కోణంలో చూస్తే అమ్మి, వేరేచోట కొనడం అనుకున్నంత చవక కాదు. రెండు కోట్లకు అమ్మితే బ్రోకరుకు ఒక శాతం చొప్పున రెండు లక్షలు. 1.2 కోట్ల ఇల్లు మరోచోట కొంటే రిజిస్ట్రేషన్‌కు మళ్లీ 9 లక్షలు. లాభంపై మూలధన లాభాల పన్ను ఉంటుంది. 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు అది ఇండెక్సేషన్ (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఆ తేదీకి ముందు కొన్న ఇంటికైతే, దేశంలో నివసించే వ్యక్తులు ఇండెక్సేషన్‌తో 20 శాతం పద్ధతిలో తక్కువ వచ్చేదాన్ని ఎంచుకోవచ్చు. ఆ లాభాన్ని గడువులోపల మరో నివాస గృహంలో పెడితే మినహాయింపు దొరుకుతుంది; కొనడానికైతే రెండేళ్లు, కట్టుకోవడానికైతే మూడేళ్లు ఆ గడువు. కొత్త ఇంట్లో మళ్లీ కలప పని, మళ్లీ సామాను తరలింపు. ఇవన్నీ కలిపితే పదిహేను ఇరవై లక్షలు సులభంగా దాటుతుంది. నెలకు ఇరవై వేలు ఆదా అవుతాయని ఇల్లు అమ్మి కదిలినవారికి ఆ ఖర్చు తిరిగి రావడానికే ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది.

అందుకే సొంతదారులకు మొదట పరిశీలించవలసిన మూడో దారి ఒకటుంది: ఫ్లాటును అద్దెకిచ్చి, తమకు అనుకూలమైన చోట తామూ అద్దెకు ఉండటం. మన ఇళ్లలో దీనిని ఏదో తక్కువతనంగా చూసే అలవాటు ఉంది. సొంత ఇల్లు పెట్టుకుని అద్దె ఇంట్లో ఉండటమేమిటని పెద్దవాళ్లు అడుగుతారు. పన్ను చట్టం మాత్రం ఈ దారికి సాయపడుతుంది. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి, తాను నివసించే ఇంటి రుణ వడ్డీపై ఏ మినహాయింపూ లేదు. పాత విధానంలోని రెండు లక్షల మినహాయింపు ఇందులో రాదు. అదే ఇంటిని అద్దెకిస్తే, వచ్చిన అద్దెలోంచి మున్సిపల్ పన్ను, ఆపై 30 శాతం ప్రామాణిక తగ్గింపు, ఆపై రుణ వడ్డీ తీసివేయవచ్చు. పై ఉదాహరణలో ఏడాది అద్దె 5.4 లక్షలు. 30 శాతం పోగా 3.78 లక్షలు. మొదటి ఏడాది వడ్డీయే 8.4 లక్షలు కాబట్టి ఆ అద్దెపై పన్ను పడదు. మిగిలిన నష్టాన్ని కొత్త విధానంలో జీతంతో సర్దుబాటు చేసుకోవడానికి వీలులేదు, అయినా అద్దె మొత్తం చేతికి మిగులుతుంది. మెట్రోకు దగ్గరగా 25 వేలకు దొరికే ఇంట్లో ఉంటూ, 45 వేలు అద్దె పుచ్చుకునే కుటుంబానికి నెలకు ఇరవై వేలు ఈఎంఐలో ఆసరా అవుతుంది. ఆస్తి చేతిలోనే ఉంటుంది. రెండేళ్లకు మనసు మారితే తిరిగి రావచ్చు.

అద్దెదారులకు ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ప్రాంతంలోని ఫ్లాట్లలో చాలా వాటికి యజమానులు డల్లస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. యజమాని పన్ను చట్టం ప్రకారం ప్రవాసి అయితే, అద్దె చెల్లించేవారే మూలంలో 31.2 శాతం పన్ను కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. దీనికి కనీస పరిమితి లేదు. తల్లిదండ్రుల ఖాతాకు పంపమన్నంత మాత్రాన ఆ బాధ్యత తప్పదు. అగ్రిమెంటుపై సంతకం పెట్టే ముందే ఈ విషయం అడగడం మేలు.

డబ్బు తరువాత వచ్చేది, చాలామందికి డబ్బు కంటే ముందే రావలసింది, రోజువారీ ప్రయాణం. ఖరీదైన చోట ఉండటానికి అందరూ చెప్పే మొదటి కారణం ఆఫీసు దగ్గరని. పటం మీద అది నిజమే. నార్సింగి దగ్గర ఔటర్ సర్వీసు రోడ్డు మీద ఉదయం తొమ్మిది గంటల సమయంలో నిలబడి చూస్తే పరిస్థితి వేరేగా ఉంటుంది. పసుపుపచ్చ స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు, కాంక్రీటు తిప్పుతూ వెళ్లే రెడీమిక్స్ లారీలు, వాటి సందుల్లోంచి దూరే బైకులు. ఒక టవరు గేటులోంచి బయటికి వచ్చిన కారు మెయిన్ రోడ్డు ఎక్కడానికే పదిహేను నిమిషాలు తీసుకునే రోజులుంటాయి. వేల కుటుంబాలుండే గేటెడ్ కమ్యూనిటీలన్నీ ఒకే జంక్షన్‌లోకి దారి తీస్తే, కొత్త ఫ్లైఓవరు రద్దీని ఒక కూడలి నుంచి తరువాతి కూడలికి జరపడం తప్ప ఎక్కువ చేయలేదు.

ఇటువైపు మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది. 2019 నవంబరులో అక్కడిదాకా వచ్చిన నీలి మార్గం ఆ తరువాత ముందుకు కదలలేదు. కోకాపేట నుంచి రాయదుర్గం స్టేషనుకు చేరడమే ఒక ప్రయాణం. మరోవైపు, నగరానికి ఆ చివరనున్న నాగోలులో ఉండే ఉద్యోగి మెట్రో ఎక్కితే, ఎక్కడా రైలు మారకుండా, సుమారు 29 కిలోమీటర్లు ప్రయాణించి గంట అటూఇటుగా రాయదుర్గంలో దిగుతాడు. కోకాపేటలో ఉండే వ్యక్తి హైటెక్ సిటీకి పది పన్నెండు కిలోమీటర్లే కారు నడుపుతాడు, కానీ అది అరగంటో, వాన పడిన సాయంత్రం గంటన్నరో ముందుగా చెప్పలేడు. నిమిషాలు లెక్కపెడితే దగ్గరున్నవాడికే సగటున మేలు. రోజు ఎలా గడుస్తుందో ముందే తెలియడం కూడా ఒక విలువే అనుకుంటే, తేడా చాలా తగ్గిపోతుంది. వారానికి మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవారికి, ఒక్కో వైపు ముప్పావు గంట అదనపు ప్రయాణమంటే వారానికి నాలుగున్నర గంటలు. దానికి నెలకు ఇరవై వేల ఆదా సరిపోతుందా లేదా అన్నది ఆ కుటుంబం కూర్చుని తేల్చుకోవలసినది.

రాబోయే మెట్రోను నమ్మి ఇల్లు కొనడం, లేదా దానికోసమే ఉండిపోవడం మరో విషయం. రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి దాదాపు 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోకు 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ మార్గాన్ని పక్కనపెట్టారు. ఆ ఏడాదిలో ఆ మార్గం పేరు చెప్పి అమ్మిన ఫ్లాట్ల ప్రకటనలను గుర్తుకు తెచ్చుకుంటే, స్తంభాలు లేచేదాకా ఏ మార్గానికీ ధర కట్టకూడదన్నది అర్థమవుతుంది.

నీటి గురించీ దుమ్ము గురించీ ఎక్కువ చెప్పనక్కరలేదు. అక్కడ ఉండేవారికి బాగా తెలుసు. వేసవిలో బోర్లు అడుగంటితే ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్ బిల్లులో కలుస్తుంది. ఆ మెయింటెనెన్స్ చదరపు అడుగుకు నాలుగు రూపాయలైనా 2,000 అడుగుల ఫ్లాటుకు నెలకు 8 వేలు, అది 7,500 దాటితే జీఎస్టీ కూడా పడే వీలుంది. చుట్టూ గుట్టలు పేలుస్తూ, పునాదులు తవ్వుతూ ఉన్నంత కాలం కిటికీ గడపల మీద పేరుకునే సన్నని తెల్లటి పొడి ఊపిరితిత్తులలోకి కూడా వెళుతుంది. ఉబ్బసం ఉన్న బిడ్డ గానీ, వృద్ధులు గానీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క కారణమే వెళ్లిపోవడానికి చాలు. అక్కడ రేట్ల గురించి మాట్లాడటమే అనవసరం.

ఇక ఉండిపోవడానికి ఉన్న బలమైన కారణాలను కూడా అంతే నిజాయతీగా చూడాలి. ఈ గేటెడ్ కమ్యూనిటీలు, ముఖ్యంగా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లకు, మరోచోట సులభంగా దొరకని ఒక ఏర్పాటును ఇస్తున్నాయి. లోపలే డేకేర్, నమ్మకంగా వచ్చే పనిమనిషి, సాయంత్రం పిల్లలు భయం లేకుండా ఆడుకునే చోటు, రాత్రి పది గంటలకు ఆఫీసు క్యాబు దిగి నడిచి రాగల వెలుతురున్న దారి. వీటిలో ఏదైనా తప్పిపోతే ఉద్యోగం మానవలసి వచ్చేది చాలావరకు ఆ ఇంటి ఇల్లాలే. ఊరికి అవతలి వైపు మారి నెలకు ఇరవై వేలు ఆదా చేసి, ఆమె లక్ష రూపాయల జీతాన్ని పోగొట్టుకున్న కుటుంబం లెక్కలో గెలిచి బతుకులో ఓడిపోయినట్టే. ఇద్దరి ఆఫీసులూ రెండు వైపులా ఉన్నప్పుడు మధ్యలో ఎక్కడో అమీర్‌పేట వైపు ఉండటం పటంలో న్యాయంగా కనిపించినా, పిల్లల బడి ఎవరి దారిలో పడుతుందో, జ్వరం వచ్చిన మధ్యాహ్నం ఎవరు ముందు చేరుకోగలరో చూశాకే నిర్ణయించాలి. ఆ పని ఎక్కువగా మీద పడే మనిషి మాటకు ఈ నిర్ణయంలో ఎక్కువ బరువు ఉండాలి. చాలా ఇళ్లలో జరుగుతున్నది దీనికి విరుద్ధం.

పిల్లల చదువు విషయంలో వయసే ముఖ్యం. ఐదో తరగతి లోపు పిల్లలు కొత్త బడికి కొద్ది నెలల్లో అలవాటుపడతారు. సీబీఎస్ఈ బడుల్లో తొమ్మిదిలో, పదకొండులో బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది; పదిలో గానీ పన్నెండులో గానీ బడి మారాలంటే బోర్డు అనుమతి, తగిన కారణం కావాలి. కనుక తొమ్మిదిలో ఉన్న బిడ్డతో కదలడం కంటే ఎనిమిది పూర్తయిన వేసవిలోనో, పది ముగిసి ఇంటర్‌కు వెళ్లే ఏడాదిలోనో కదలడం తెలివైన పని. తెలంగాణ దాటి ఆంధ్రప్రదేశ్‌లోని సొంత ఊరికి వెళ్లాలనుకునేవారు మరొకటి గమనించాలి. వృత్తివిద్యా కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఆ స్థానికతను నిర్ణయించడంలో, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నాలుగేళ్లు బిడ్డ ఎక్కడ చదివిందన్నది కీలకం. ఉమ్మడి ప్రవేశాలకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ నాలుగేళ్ల మధ్యలో రాష్ట్రం మారడం బిడ్డ భవిష్యత్తుతో ఆడుకోవడమే అవుతుంది.

సొంత ఊరి మాట వచ్చింది కాబట్టి: విజయవాడలోనో, రాజమండ్రిలోనో, వరంగల్‌లోనో అమ్మానాన్నల ఇల్లు ఖాళీగా ఉందని, ఇంటి నుంచే పని చేసుకోవచ్చని బయలుదేరినవారు 2020 తరువాత చాలామంది. కంపెనీలు వారంలో కొన్ని రోజులు రమ్మనడం మొదలుపెట్టాక వారిలో పలువురు తిరిగి హైదరాబాద్ అద్దెలు వెతుక్కోవలసి వచ్చింది. దూరపు కొండలు నునుపు. మేనేజరు నోటి మాటను కాక, నియామక పత్రంలో పని చేసే స్థలంగా ఏ ఊరు రాసి ఉందో దాన్నే నమ్మాలి. అయితే వృద్ధాప్యంలో ఉన్న తల్లిదండ్రులకు తోడు కావడం కోసం తక్కువ జీతానికైనా వెళ్లేవారి సంగతి వేరు. వారు ఏమి వదులుకుంటున్నారో తెలిసే వెళుతున్నారు, వారికి ఎక్సెల్ షీటు చూపించడం అమర్యాద.

అందరికంటే ముందు, ఆలస్యం లేకుండా కదలవలసినవారు ఒకరున్నారు. ఇంట్లోని ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగిపోతే ఆరు నెలలు కూడా ఈఎంఐ, ఫీజులు, ఇంటి ఖర్చు నడపలేని స్థితిలో ఉన్నవారు. 2020 మే నుంచి రెండేళ్లు రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 4 శాతం దగ్గర ఉన్నప్పుడు 6.75 శాతం వడ్డీకి కోటి తీసుకున్నవారి ఈఎంఐ సుమారు 76 వేలు. 2023 ఫిబ్రవరికి రెపో 6.5 శాతానికి చేరింది. అదే కోటిపై 9.25 శాతమైతే కిస్తీ 91 వేలు దాటుతుంది. చాలా బ్యాంకులు కిస్తీని పెంచకుండా గడువును పొడిగించాయి కాబట్టి ఆ నొప్పి వెంటనే తెలియలేదు. ఆ తరువాత రేట్లు కొంత దిగినా, పొడిగించిన గడువును తిరిగి కుదించమని అడిగినవారు కొద్దిమందే. ఇలాంటి స్థితిలో ఉన్న కుటుంబం ఉద్యోగం పోయాక, కొనేవాడు చెప్పిన ధరకు అమ్ముకోవడం కంటే, ఉద్యోగం ఉన్నప్పుడే ఫ్లాటును అద్దెకిచ్చి చిన్న ఇంట్లోకి మారి, మిగిలిన ప్రతి రూపాయినీ అసలుకు జమ చేయడం ఎంతో మెరుగు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ గృహరుణాన్ని ముందుగా చెల్లిస్తే బ్యాంకులు జరిమానా వేయరాదన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా ఇరవై ఏళ్ల రుణం కొన్నేళ్ల ముందే తీరుతుంది.

కదలాలని తేల్చుకున్నాక కూడా ఒకేసారి అన్నీ తెంచుకోవలసిన పని లేదు. హైదరాబాద్‌లో అద్దె అడ్వాన్సు సాధారణంగా రెండు నెలలే, అగ్రిమెంటు పదకొండు నెలలే. వెళ్లదలచిన చోట ముందుగా ఒక ఏడాది అద్దెకు ఉండి చూడవచ్చు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఇల్లు మారాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే బడుల్లో సీట్లు, ఇళ్లు వెతకడం మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో మొదలుపెట్టినవారు దొరికినదానితో సరిపెట్టుకుంటారు. చూడబోయే ఇంటికి ఆదివారం ఉదయం కాక, వారం మధ్యలో ఒకసారి ఉదయం ఎనిమిదిన్నరకు, మరోసారి సాయంత్రం ఏడుకు వెళ్లి, అక్కడి నుంచి ఆఫీసుకూ బడికీ ఒకసారి ప్రయాణం చేసి చూడాలి. వాచ్‌మన్‌ను మే నెలలో ఎన్ని ట్యాంకర్లు వస్తాయో అడగాలి. సొంత ఫ్లాటును అద్దెకిచ్చేవారు అసోసియేషన్‌కు, రుణమిచ్చిన బ్యాంకుకు చిరునామా మార్పు తెలియజేసి, అద్దె మొదలైన నెల నుంచీ వడ్డీ ధ్రువపత్రాలు, మున్సిపల్ పన్ను రసీదులు విడిగా దాచుకుంటే జూలైలో రిటర్ను వేసేటప్పుడు వెతుక్కోనక్కరలేదు.